టీచర్ గారి ల్యాప్‌టాప్ ఇంగ్లీషు మరిచిపోయిన రోజు

ఇది మహాకావ్యానికి సరిపడా సంగతి. ఇందులో ఒక రాజున్నాడు, కిరీటముంది, మూసుకుపోయిన కోట తలుపుంది, ఆ తలుపు తెరవడానికి ఇల్లు విడిచి బయలుదేరిన వీరుడున్నాడు. అన్నిటికీ వెనక, తెర చాటున నిలబడి రాజ్యాన్ని నడిపించిన ఒక మహాశక్తి ఉంది.

కాదులెండి. రాజుగారికి తెనాలిలో ఎరువుల కొట్టుంది. కిరీటం అట్టది. కోట తలుపంటే పాత ల్యాప్‌టాప్‌లో పాస్‌వర్డు అడిగే తెర. వీరుణ్ణి నేను, ఎక్కిన గుర్రం రేపల్లె ప్యాసింజరు. మహాశక్తి మాట మాత్రం నిజమే, కాకపోతే నా భుజం దాకా వచ్చేవారు, చేతిలో ఎప్పుడూ ఒక గుడ్డసంచి ఉండేది.

పోయిన వారం తెనాలి స్టేషన్లో టీ తాగుతున్నాను. పక్కన ఒకాయన ఫోన్లో ఎవరితోనో తగువాడుతున్నాడు. "అది కాదండి, మీరు చేసింది… దాన్నేమంటారు… అదీ…" అని ఆగిపోయాడు. వెనక బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దావిడ తల కూడా ఎత్తకుండా, "నమ్మకద్రోహం" అని అందించింది. ఆయన, "ఆఁ, నమ్మకద్రోహం!" అని అందుకుని ముందుకెళ్లిపోయాడు. నేను టీ గ్లాసుతో సహా వెనక్కి తిరిగాను. టీచర్ గారు కాదు. అయ్యే వీలు కూడా లేదు, ఆవిడ కిందటి వానాకాలంలో పోయారు. ఆ సంగతి నా మెడకి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.

టీచర్ గారు బాపట్లలో తెలుగు చెప్పి రిటైరయిన మనిషి. మా అమ్మకి పాఠం చెప్పింది ఆవిడే. అందుకే ఆవిడ ప్రస్తావన వస్తే మా అమ్మ ఈ వయసులో కూడా కుర్చీలో సర్దుకుని కూర్చుంటుంది. కానీ ఆవిడ అసలు ఉద్యోగం వేరు. తెనాలిలో ఒక నాటక సమాజం ఉంది. పగలు కొట్లు, మిల్లులు, ఆఫీసులు చూసుకునేవాళ్లు సాయంత్రమయ్యేసరికి అక్కడ రాజులు, మంత్రులు, మునులు అవుతుంటారు. పగలంతా బస్తాలు మోసిన బుర్రలో సాయంత్రానికి పద్యం నిలవడం కష్టం. అందుకని నాటకం నడుస్తున్నంతసేపూ ఎడమవైపు పక్కతెర చాటున ఒకరు నిలబడి, మాట మరిచిపోయినవాడికి మాట అందిస్తూ ఉండాలి. దాన్ని ప్రాంప్టింగ్ అంటారు. ఆ సమాజంలో రాజులు మారారు, మంత్రులు మారారు, ఒక ముని అయితే సన్యాసం వదిలి వార్డు మెంబరుగా కూడా నిలబడ్డాడు. ప్రాంప్టరు మాత్రం మారలేదు.

ఇబ్బందల్లా ఏంటంటే, తెర చాటునుంచి బయటికొచ్చాక కూడా ఆవిడ ఆ పని మానేవారు కాదు. మనిషి మాట మధ్యలో ఆగితే ఆవిడకి ఊపిరాడదు. ఒకసారి బాపట్ల బస్టాండు దగ్గర ఒక స్కూటరు, ఒక ఆటో గుద్దుకున్నాయి. మనుషులకేం కాలేదు, అద్దం పగిలింది. స్కూటరాయన ఊగిపోతున్నాడు.

"నువ్వు… అసలు నువ్వొక… నువ్వొట్టి…"

మాట దొరక్క గిలగిల్లాడుతుంటే నా పక్కనుంచి చల్లగా వచ్చింది: "అప్రయోజకుడివి."

స్కూటరాయన చప్పున వెనక్కి తిరిగాడు. "అమ్మో, అంత మాట అనలేనండి. పిల్లలున్నవాడిలా ఉన్నాడు."

"చూడండన్నా," అని ఆటో అతను స్కూటరాయనకే మొరపెట్టుకున్నాడు, "నన్నేమందో చూడండి ఆవిడ."

ఇంకో నిమిషంలో వాళ్లిద్దరూ ఒక పక్షం, టీచర్ గారు ఒక పక్షం అయ్యారు. అద్దం సంగతి అందరూ మరిచిపోయారు. "మాట సరిపోలేదా అబ్బాయ్?" అని ఆవిడ బస్సెక్కేదాకా ఆలోచిస్తూనే ఉన్నారు.

మా పిన్ని కూతురి పెళ్లిలో మంత్రం మధ్యలో పురోహితుడు గారికి తుమ్ములు పట్టుకున్నాయి. తర్వాతి మాట పందిరి గుంజ వెనకనుంచి వినపడింది. పెళ్లికొడుకు అమాయకుడు, ఎవరు చెప్పారని చూడకుండా అదే పలికేశాడు. ఆయన తుమ్ములాపి తేరుకునేసరికి పెళ్లి ఆయన్ని వదిలేసి కొంత ముందుకెళ్లిపోయింది.

ఎక్కడున్నా ఆవిడ నిలబడే చోటు ఒకటే. ఎవరికైనా ఎడమపక్క, అరడుగు వెనక. సమాజం వాళ్ల గదిలో గోడ నిండా ఫోటోలున్నాయి. దాదాపు ప్రతి ఫోటోలోనూ రాజుగారి భుజం వెనకనుంచి ఒక చీరంచు, ఒక మోచెయ్యి కనపడతాయి. ఆ మోచెయ్యి టీచర్ గారు. ముందుకి రమ్మంటే, "ఫోటోలో పడేదాన్ని ప్రాంప్టరని ఎలా అంటారయ్యా?" అనేవారు. ఆవిడ పోయాక దండ వేయడానికి సమాజం వాళ్లు ఒక ఫోటో కోసం గోడంతా వెతికారు. చివరికి బ్యాంకు పాసుబుక్కులోది పెద్దది చేయించారు. అందులో కూడా మనిషి కొంచెం పక్కకే ఉన్నారు.

ఆ పనికి ఆవిడ దగ్గర కొన్ని సూత్రాలుండేవి. "కేకేస్తే హాలుకి వినపడుతుంది. గుసగుసలాడితే ముందు వరసకి వినపడుతుంది. ఊపిరితో అనాలి అబ్బాయ్, అప్పుడు వాడికొక్కడికే వినపడుతుంది." ఇంకోటి: "మొదటి రెండక్షరాలే ఇవ్వాలి. మాటంతా ఇచ్చేస్తే వాడు ఇక నమలడం మానేస్తాడు." ఈ సూత్రాలు ఆవిడ అడగని వాళ్లకి కూడా చెప్పేవారు. మా ఇంటికి గ్యాస్ సిలిండరు తెచ్చే అతనికి రెండూ వచ్చు.

ఆవిడకీ నాకూ మధ్య లినక్స్ వచ్చింది. కంట్లో మచ్చ పడి పుస్తకంలో అక్షరాలు చీమలబారులా కనపడటం మొదలయ్యాక, నాటకాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి బొటనవేలంత అక్షరాలతో చదువుకోవాలని ఆవిడకి తట్టింది. మా అమ్మ వెంటనే నన్ను దానం చేసేసింది. "మా వాడున్నాడు కదండి టీచర్ గారూ. ఇంట్లోంచే ఉద్యోగం, ఖాళీగానే ఉంటాడు." ఆవిడ బంధువులెవరో వాడి పడేసిన ల్యాప్‌టాప్ ఒకటి దొరికింది. విండోస్ పెడితే ఆయాసంతో రొప్పేది. దాని బదులు తేలిగ్గా నడిచే లినక్స్ వేసి, తెలుగు కీబోర్డు పెట్టి, చేతికిచ్చి చేతులు దులుపుకున్నాను. ఆవిడ నాటకం మొత్తం ఒక్కో అక్షరమే కొట్టుకుంటూ ఎక్కించుకున్నారు. అక్కడితో ఊరుకుంటే ఈ కథ లేదు. మౌసుతో పనిలేకుండా అక్షరాలు కొట్టి దానికి పని చెప్పే కమాండ్లు కూడా నేర్చుకున్నారు.

ఎందుకు నేర్చుకున్నారో చెప్తే నవ్వుతారు. లినక్స్‌లో కమాండు మొదటి రెండక్షరాలు కొట్టి ట్యాబ్ మీట నొక్కితే మిగతాది అదే పూర్తి చేసుకుంటుంది. అది చూపించిన రోజు ఆవిడ మీట మీంచి వేలు తియ్యలేదు.

"చూశావా అబ్బాయ్, అందించగానే అందుకుంటోంది! మన రాజుకి ఇన్నేళ్లుగా ఈ మాత్రం చేతకాలేదు."

పని సరిగ్గా జరిగితే లినక్స్ ఏమీ అనదు. శభాష్ అనదు, అయిపోయిందని కూడా అనదు, మాట్లాడకుండా తర్వాతి కమాండు కోసం చూస్తుంది. నాకు మొదట్లో చిరాకేసేది. ఆవిడ మాత్రం అది చూసి కళ్లజోడు సర్దుకున్నారు. "ఇది మన మనిషే" అన్నారు. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌ని ఆవిడ ఎప్పుడూ వస్తువులా చూడలేదు. "టిఫిన్ అయ్యాక దాన్ని లేపుతాను" అనేవారు.

ఇక అసలు సంగతి. రేపల్లెలో నాటక పోటీలు. ముందురోజు సాయంత్రం తెనాలిలో ఆఖరి రిహార్సల్. రాజు వేషం మన ఎరువుల కొట్టాయనది, సమాజానికి సెక్రటరీ కూడా ఆయనే. కొలువు రంగంలో పద్యం ఎత్తుకోబోయి ఆగిపోయాడు, ఆగినవాడు ఏదో గుర్తొచ్చి ఎక్కడికో దూకాడు. టీచర్ గారు ఆ చోటు పట్టుకోవడానికి రెండక్షరాలు కొట్టి వెతకబోయారు. ఆ కంగారులో చెయ్యి వేరే మీటకి తగిలి కీబోర్డు తెలుగు నుంచి ఇంగ్లీషుకి మారిపోయింది. ఆవిడ కొట్టింది ఇంగ్లీషు అక్షరాల్లో పడింది. ఇలాంటి మాట ఈ నాటకంలో ఎక్కడా లేదని ల్యాప్‌టాప్ తేల్చేసింది. రాజు నోరు తెరుచుకుని ఎడమపక్కకి చూస్తూ నిలబడ్డాడు. హార్మోనియం ఆయన అదే శ్రుతి మీద ఎంతసేపు వాయించాడంటే, వీధిలో కుక్క ఒకటి వచ్చి గుమ్మంలో కూర్చుంది.

రిహార్సల్ అయ్యాక రాజు ఆవిడ దగ్గరికొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"టీచరు గారండి, తప్పుగా అనుకోమాకండి. రేపు నేను చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుంటానండి. నా వేషమంతా నా గొంతుతోనే ఫోన్లో రికార్డు చేశానండి. కిరీటం కింద ఎవరికీ కనపడదు."

"మరి నేను?"

"మీరు ముందు వరసలో హాయిగా కూర్చోండి. ఇన్నేళ్లొచ్చినా మా నాటకం మీరు ఎదురుగా చూసిందే లేదు కదండి."

ఎగతాళి కాదు, నిజంగా మర్యాదకే అన్నాడు. అందుకే ఆవిడకి ఎక్కువ గుచ్చుకుంది. ఎగతాళికైతే ఆవిడ దగ్గర సమాధానాలుంటాయి.

"రేపొక్కరోజు ఆగవయ్యా," అన్నారు. "రేపు కూడా ఇది మొరాయిస్తే నువ్వన్నట్టే ముందు వరసలో కూర్చుంటాను. ఆ తర్వాత ఇక పక్కతెర దగ్గరికి రాను."

మర్నాడు పొద్దున నాకు బాపట్ల నుంచి ఫోనొచ్చింది.

"అబ్బాయ్, కీబోర్డులోంచి ఇంగ్లీషు తీసేశాను. మళ్లీ మధ్యలో అడ్డం పడకుండా."

"మంచిదండి. ఎక్కడనుంచి తీశారు?"

"మొత్తం సిస్టమ్‌లోంచే. సెట్టింగుల ఫైలు తెరిచి తెలుగొక్కటే ఉంచాను. రీస్టార్ట్ కూడా చేశాను."

నేను మంచం మీద లేచి కూర్చున్నాను. "టీచర్ గారూ, మీ పాస్‌వర్డు ఏ భాషలో ఉందండి?"

అవతల మాట లేదు. ఒక మాట కోసం ఆవిడ ఆగడం నేను విన్నది అదే మొదలు. అందిద్దామా అనుకున్నాను గానీ ధైర్యం చాలలేదు.

"ఇంగ్లీషులో," అన్నారు చివరికి.

అంటే లోపలికెళ్లాలంటే ఇంగ్లీషు కావాలి. ఇంగ్లీషు తిరిగి పెట్టాలంటే లోపలికెళ్లాలి. తలుపు దగ్గర ల్యాప్‌టాప్ అచ్చతెలుగు తప్ప ఇంకోటి ఒప్పుకోవడం లేదు. భాష మీద ప్రేమతో ఉపన్యాసాలిచ్చేవాళ్లని చాలామందిని చూశాను, ఆ ప్రేమతో సొంత ఇంటి బయట నిలబడిపోయిన మనిషిని మాత్రం ఆవిణ్ణే చూశాను.

"నాటకం ఇంకెక్కడైనా కాపీ పెట్టారా?"

"పెట్టాను. ఎందుకైనా మంచిదని."

"హమ్మయ్య. ఎక్కడండి?"

"అందులోనే, ఇంకో ఫోల్డర్లో."

సమాజం దగ్గర అచ్చు కాగితాలున్నాయి గానీ ఆ అక్షరాలు ఆవిడ కంటికి ఆనవు. సెట్లతో, వేషాలతో మిగతావాళ్లు వ్యానులో ఎప్పుడో వెళ్లిపోయారు. టీచర్ గారు బాపట్ల నుంచి రైల్లో తెనాలి వచ్చేట్టు, అక్కడ నేను కలిసి ఇద్దరం రేపల్లె ప్యాసింజరు ఎక్కేట్టు అనుకున్నాం. తెనాలి ప్లాట్‌ఫారం మీద దిగినప్పుడు గుడ్డసంచిని రెండు చేతులతో గుండెకి హత్తుకుని ఉన్నారు. ముఖం మామూలుగానే ఉంది. కానీ పక్కన ఒక పిల్లాడు "అమ్మా, నాకు… నాకు…" అని మారాం చేస్తుంటే కూడా ఆవిడ ఏమీ అందించలేదు. అప్పుడర్థమైంది, పరిస్థితి నిజంగానే బాగాలేదు.

కిటికీ పక్క సీటు దొరికింది. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఆన్ చేశాను. పెద్ద అక్షరాలతో పాస్‌వర్డు అడిగింది. ఏం కొట్టినా లోపలికి పోదు. అంకెలు కూడా తెలుగు అంకెలే.

నేను చేయాల్సింది కష్టమేమీ కాదు, కాస్త మొరటు పని. తెలుగు కీబోర్డు అమలయ్యేది ల్యాప్‌టాప్ పూర్తిగా నిద్ర లేచాక. లేవకముందు, కళ్లు నులుముకునే ఘడియలో దానికింకా పుట్టుకతో వచ్చిన ఇంగ్లీషే తెలుసు. ఆ ఘడియలో దాన్ని ఆపి, "ఇవాళ మామూలుగా లేవొద్దు, పాస్‌వర్డు అడగొద్దు, ఊరికే ఒక నల్ల తెర ఇచ్చి పక్కకి తప్పుకో" అని చెప్పాలి. చెప్పాను. తప్పుకుంది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వరసగా జారుతుంటే ఎదుటి సీట్లో తలకి తువ్వాలు చుట్టుకున్న పెద్దాయన ముందుకి వంగాడు.

"ఏంటి బాబూ, బ్యాంకులో డబ్బులు లాగడమా?"

"కాదండి. ఆవిడ ల్యాప్‌టాపే, తలుపేసుకుపోతే తీస్తున్నాను."

"మొదట్లో అందరూ అట్టాగే అంటారు," అని ఆయన తన సంచి కొంచెం దగ్గరికి లాక్కున్నాడు.

ఇప్పుడు ఆవిడ మార్చిన ఫైలు తెరవాలి. దాని చిరునామా నాకు తెలుసు. తెలుసనే అనుకున్నాను. "స్లాష్ ఈటీసీ స్లాష్…" అని కొట్టి ఆగిపోయాను. నోటిదాకా వచ్చి ఆగింది. రైలు ఊగుతోంది, పెద్దాయన చూస్తున్నాడు, వేళ్లు మీటల మీద ఉన్నాయి, మాట లేదు.

ఎడమపక్కనుంచి, అరడుగు వెనకనుంచి, ఊపిరంత మెల్లగా వచ్చింది: "డిఫా…"

"డిఫాల్ట్ స్లాష్…"

"కీబో…"

"కీబోర్డ్!"

రెండక్షరాలు. అంతకుమించి ఒక్కటి కూడా ఇవ్వలేదు. పొద్దున ఆ ఫైలు తెరిచినప్పుడే ఆ చిరునామా ఆవిడకి పద్యపాదంలా నోటికొచ్చేసిందట. తర్వాత అడిగితే రాగం కూడా కట్టి వినిపించారు, మోహనలో.

పెద్దాయన నావైపు జాలిగా చూశాడు. "అన్నీ ఆవిడకే తెలిసినయ్యి. మధ్యలో నువ్వెందుకు బాబూ?"

"టిక్కెట్టు నేను తీశానండి," అన్నాను.

ఫైల్లో ఇంగ్లీషు తిరిగి చేర్చి సేవ్ చేసి దాచబోతే ఒప్పుకోలేదు. చదువుకోవడానికే గానీ రాయడానికి వీల్లేదంది. లేపేటప్పుడే రాసే అనుమతి కూడా అడగాలి, ఆ మాట నేను మరిచిపోయాను. వేమూరు దాటుతుండగా అంతా ఆపి మళ్లీ మొదలుపెట్టాను. టీచర్ గారు సంచి చెవుల్ని మెలిపెడుతూ బయట చేలకేసి చూస్తున్నారు. కోతలైన మళ్లు కొన్ని, కావాల్సినవి కొన్ని.

"అబ్బాయ్," అన్నారు ఉన్నట్టుండి, "ముందు వరసలోంచి నాటకం ఎలా ఉంటుంది?"

నాకు జోకొకటి తట్టింది. వేయలేదు. "ముఖాలు కనపడతాయండి," అన్నాను.

"నాకు వీపులే తెలుసు. రాజు మరిచిపోయే ముందు కుడి భుజం కొంచెం పైకి లేస్తుంది. ముందు వరసకి అది కనపడదు కదా."

"కనపడదండి."

"మరి అక్కడ కూర్చుని నేనేం చెయ్యాలి?"

భట్టిప్రోలులో రైలు ఆగింది. ఈసారి ల్యాప్‌టాప్ రాయనిచ్చింది. లోపలికి పోగానే తెలుగే ఉండేట్టు, తలుపు దగ్గర మాత్రం ఇంగ్లీషు ఉండేట్టు, భాష మార్చే మీట ఎవరి చెయ్యీ పొరపాటున పోని మూలలో ఉండేట్టు రాసి, దాచి, మామూలుగా లేవమన్నాను. పాస్‌వర్డు అడిగింది. ల్యాప్‌టాప్ ఆవిడ ఒళ్లో పెట్టాను. కొట్టారు. లోపలికి రానిచ్చింది. బొటనవేలంత అక్షరాల్లో మొదటి రంగం కనపడింది.

సంబరమేమీ జరగలేదు. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని, మొదటి రంగం నుంచి చివరి రంగం దాకా ఒకసారి కిందికి జరిపి చూసుకున్నారు. పల్లికోన వచ్చేసరికి, ఎదుటి పెద్దాయన కూతురి సంబంధం గురించి చెబుతూ, "పిల్లాడు మంచోడే గానీ కొంచెం…" అని ఆగాడు.

"నిదానం," అన్నారు టీచర్ గారు.

"అదేనండి!" అన్నాడాయన.

ఆవిడ కోలుకున్నారు.

రేపల్లెలో ఒక స్కూలు ఆవరణలో స్టేజీ వేశారు. పొద్దుగూకుతుండగా మా వాళ్ల వంతు వచ్చింది. రాజు రంగులేసుకుని వచ్చి పక్కతెర దగ్గర ల్యాప్‌టాప్ వెలుతురు చూశాడు, టీచర్ గారికి నమస్కారం పెట్టాడు, తలుపు తెరుచుకుందని తెలిసి నిజంగానే సంతోషించాడు. అయినా ఎందుకైనా మంచిదని కిరీటం కింద ఇయర్‌ఫోను ఉంచుకున్నాడు. ఆ సంగతి మాకు చెప్పలేదు.

రెండో రంగం. రాజు సింహాసనం మీదున్నాడు. సరిహద్దులో శత్రువులు దిగారు, మంత్రి యుద్ధం వద్దంటున్నాడు. అంతా సాఫీగా నడుస్తోంది. ఉన్నట్టుండి రాజు బిగుసుకుపోయాడు, కళ్లు పైకి లేచాయి. జనం అభినయమనుకున్నారు. జరిగిందేంటంటే, చెవిలో నడుస్తున్న రికార్డు ఆగి, కొలకలూరు నుంచి బావమరిది ఫోనొచ్చింది. ఆ ఇయర్‌ఫోను, వచ్చిన ఫోన్ని ఎవరూ నొక్కకుండా తనే ఎత్తే రకం. "బావా, కోత మిషనొచ్చింది. మన చేలో దింపమంటావా, పక్కోళ్ల చేలోకి పొమ్మంటావా?" అని వాడు చెవిలో కేకేశాడు. వరి పండే ఇంట్లో పుట్టినవాడు ఎవడైనా సరే, ఆ ప్రశ్న విన్నాక పలక్కుండా ఉండలేడు. నిండు కొలువులో రాజు సింహాసనం మీంచి లేచి,

"ఆగు! నేనొస్తున్నా! నేనొచ్చేదాకా ఎవణ్ణీ కదలనీయొద్దు!" అన్నాడు.

మంత్రి వేషం వేసింది ఒక రిటైర్డు పోస్టుమాస్టరు గారు. ఆయన సర్వీసులో ఇలాంటిది ఎదురైనట్టు లేదు. ఏమనాలో తెలియక మెల్లగా ఎడమపక్కకి చూశాడు. అప్పటికి రాజుకి కూడా తెలివొచ్చింది. ఆయనా ఎడమపక్కకే చూశాడు. భటులు కూడా చూశారు. రాజ్యమంతా ఆవిడకేసి చూసింది.

టీచర్ గారు రెండక్షరాలు కొట్టారు. తెలుగులోనే పడ్డాయి. తెర రెండు పేజీలు దూకి ఆగింది. రాజు తనే స్వయంగా యుద్ధానికి బయలుదేరుతానంటే మంత్రి అడ్డుపడే చోటది. ఆవిడ తలెత్తి, పెదవులు కదిలీ కదలకుండా, మంత్రికి ఊపిరితో అందించారు. నేను వెనకే ఉన్నాను, నాకే సరిగ్గా వినపడలేదు. మంత్రికి వినపడింది.

"ప్రభువులు స్వయంగా రానక్కరలేదు! మా ప్రాణాలుండగా…" అని ఆయన అందుకున్నాడు. రాజు భుజం కిందికి దిగింది. కిరీటం సర్దుకునే నెపంతో చెవిలోది పీకి నడుముకట్టులో దోపుకున్నాడు. అక్కడినుంచి ఆఖరి రంగం దాకా ఆ నాటకాన్ని ఆవిడ అక్షరానికి అక్షరం చేతిపట్టుకుని నడిపించారు. జనం చప్పట్లు కొట్టారు. రెండు పేజీలు ఎగిరిపోవడం వల్ల నాటకం ఇచ్చిన గడువులోనే అయిపోయింది. నిర్వాహకులు మైకులో ప్రత్యేకంగా మెచ్చుకున్నది దాన్నే.

తెర పడ్డాక రాజు పరుగున వచ్చాడు. చెమటకి మీసం సగం ఊడి వేలాడుతోంది.

"టీచరు గారండి, జనానికి తెలిసిపోయిందంటారా?"

"తెలిస్తే ఇక నేనిక్కడెందుకయ్యా?"

ఆయన నడుములోంచి ఇయర్‌ఫోను తీసి ఆవిడ చేతిలో పెట్టబోయాడు. "ఇది మీ దగ్గరే ఉంచండి. మళ్లీ నా కంట పడనీయొద్దు. ఆ పక్కతెర మీదేనండి, మీరున్నన్నాళ్లూ."

"నాకెందుకయ్యా అది, నా చెవులు బాగానే ఉన్నాయి," అని ఆవిడ ల్యాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకున్నారు. తర్వాత చాలా గంభీరంగా అడిగారు: "ఇంతకీ మిషను ఎవరి చేలోకి పోయింది?"

"పక్కోళ్ల చేలోకే పోయిందండి," అన్నాడు రాజు. ఆ సాయంత్రం ఆయన ముఖంలో నిజమైన దుఃఖం అప్పుడే కనపడింది.

బహుమతి రాలేదు. తలా ఒక గోడ గడియారం ఇచ్చారు. తిరిగి వ్యానులో వస్తుంటే నన్ను మెచ్చుకుంటారేమోనని చూశాను. "నిలబడేటప్పుడు బరువు రెండు కాళ్ల మీదా వెయ్యి అబ్బాయ్," అన్నారు. "ఊగుతున్నావు. నీ నీడ స్టేజీ మీద పడుతోంది."

ఆ తర్వాత ఆ చోటు గురించి ఎవరూ మాట్లాడలేదు. చివరి నాటకం దాకా ఆవిడే నిలబడ్డారు. ఆఖరి రోజుల్లో బాపట్లలో ఆవిణ్ణి చూడ్డానికి ఇంటికొచ్చిన డాక్టరు కుర్రవాడు, పాపం మంచివాడు, చెయ్యి పట్టుకుని, "అమ్మా, మీకు పెద్దగా జబ్బేం లేదండి, ఇది… ఎలా చెప్పాలంటే…" అని నీళ్లు నమిలాడు. "ముసలితనం," అని ఆవిడ అందించారు. అతను "అదేనండి" అని హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. వెళ్లేముందు ఆవిడకి థాంక్స్ కూడా చెప్పాడు.

ఆవిడ పోయి, కర్మలన్నీ అయ్యాక రాజు మా ఇంటికొచ్చాడు. "బాబూ, ఆ పక్కన ఎవరో ఒకరు నిలబడాలి కదా," అని, ఇంకేదో అనబోయి ఆగాడు. నేను అందించలేదు. ఆయన అనకుండానే ఒప్పుకున్నాను.

ఇప్పుడు ఆ చోట నేను నిలబడుతున్నాను. మొదటి నాటకంలో నా ప్రాంప్టింగ్ మూడో వరస దాకా వినపడిందట. ల్యాప్‌టాప్ అదే. అక్కడ నిలబడితే ఆవిడ వెనకే ఉన్నట్టనిపిస్తుందని రాస్తే బాగుండేది గానీ, నిజానికి అక్కడ ఉండేవి దోమలు. పాత ల్యాప్‌టాప్ కదా, బ్యాటరీ ఒక రంగానికి మించి ఆగడం లేదు. స్టేజీకి ఎడమపక్క ఎక్కడా ప్లగ్గుండదు, కుడిపక్కది మైకు సెట్టు అతను వదలడు. ఎక్స్‌టెన్షన్ బాక్సు మనమే పట్టుకెళ్లాలి, పొడుగు వైరుది.